మొదటి మాటకే ఒప్పుకున్నవాళ్ళు

నమోదు 1

ఇవాళ పొద్దున తూకం బల్ల ఎక్కితే నిన్నటికంటే కాస్త ఎక్కువ తూగాను. వరసలో నా వెనక నిలబడ్డ ఎర్రయ్య ముల్లు వైపు తొంగిచూసి, "పదవి ఒంటికెక్కినాది మంగమ్మా, రేపట్నుంచి తిండి తగ్గించు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ సగంలోనే ఆగిపోయింది.

నిన్నటిదాకా నేనూ కుట్టుశాఖలో మరో ముప్ఫైమందితో పాటు ఒకదాన్ని. నడుముకి తాడు కట్టుకుని తెప్ప బయట వేలాడుతూ, గాలిసంచిని ఆమ్లపు మబ్బు కొరికిన చోటల్లా మాసికలు వేసేదాన్ని. మేం పీల్చే గాలే ఆ సంచిలో నిండి మమ్మల్ని మబ్బుల మీద తేలుస్తోంది కాబట్టి, మేం చెయ్యి దించితే తెప్పకి నూకలు చెల్లినట్టే. ఇవాళ్టి నుంచి నేను ఆ శాఖకే మార్పు బాధ్యురాలిని. పై అంతస్తు కార్యాలయంలో నాకూ ఒక కుర్చీ వేశారు. తెప్ప పనులన్నిటికీ పెద్ద అయిన సుభాషిణిగారు ఈ రాతపలక చేతికిచ్చి, మార్పు ఎలా నడిచిందో ఎప్పటికప్పుడు రాసి ఉంచమన్నారు. మిగతా శాఖలు చదివి నేర్చుకుంటాయట.

నన్నే ఎందుకు ఎంచుకున్నారని అడిగాను. "మీరడిగితే వాళ్ళు కాదనరు కదా, మంగవేణీ" అన్నారావిడ. ఆ మాటకి మధ్యాహ్నం దాకా ఉబ్బిపోయి తిరిగాను. తర్వాత మా శాఖ నూకాలప్ప ఎదురుపడి, "మన గుంట పైకెళ్ళింది, ఇంక మనకి దిగులు లేదు" అని నా బుగ్గ గిల్లినప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. ఏం వస్తోందో నాకు తెలుసు, ఆమెకి తెలియదు.

నమోదు 2

వస్తున్నవి పాకుళ్ళు. సంచి ఒంటి మీద వాటంతటవే పాకుతూ, చిల్లి కనబడితే అక్కడే మాసిక అతికించే యంత్రాలు. మంచివి కావని నేననను. కిందటేడు తాడు తెగి ఇద్దరు మబ్బుల్లోకి జారిపోయారు. పాకుళ్ళుంటే వాళ్ళు ఈపాటికి అన్నం తింటూ ఉండేవాళ్ళు.

అయితే తెప్ప మీదికి ఎంత బరువు ఎక్కితే అంత బరువు దిగాలి. పాకుళ్ళ పెట్టెలు ఎక్కాలంటే కుట్టుశాఖ నుంచి ఆరుగురు కింది తెప్పకి వెళ్ళిపోవాలి. అక్కడ రాత్రీ పగలూ ఆమ్లం కాచి మాకు తాగడానికి నీళ్ళు తీస్తారు. ఆ వేడికీ ఆ పొగకీ అక్కడెప్పుడూ మనుషులు చాలరు. వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలంటే వాళ్ళ బరువుకి సరిపడా పైనుంచి ఇంకొకరు దిగాలి. కావాలని దిగినవాళ్ళని నా జన్మలో చూడలేదు.

ఎవరినీ బలవంతాన దింపకూడదని తెప్ప కట్టుబాటు. సమ్మతి ఉండాలి. ఆ సమ్మతి తేవడమే నా పని.

మధ్యాహ్నం నూకాలప్ప పక్కన కూర్చుని తింటున్నాను. సూది పట్టడం నాకు నేర్పింది ఆమే. పదేళ్ళ క్రితం నా ఊపిరి ముసుగులోకి పొగ దూరినప్పుడు తన ముసుగు నాకు తగిలించి, తను చొక్కా చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నన్ను లోపలికి లాక్కొచ్చింది. అప్పట్నుంచీ ఆమెకి ఒక ఊపిరితిత్తి పనిచెయ్యదు. నాలుగు మెట్లెక్కితే నిలబడి ఆయాసం తీర్చుకుంటుంది.

"ఈ నాచు వడ నువ్వు తిను" అంది.

"వద్దప్పా."

"తినే."

"నాకు కడుపు నిండింది."

"తినమంటే తినాల."

అప్పుడు తీసుకున్నాను. మా దగ్గర ఏదైనా అంతే. ఏ మాటైనా ముమ్మారు అంటేనే మాట. మొదటిది మర్యాద, రెండోది ప్రేమ, మూడోదే నిజం. కష్టం పంచుకునేటప్పుడు కూడా ఇదే పద్ధతి. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, అడిగేవాళ్ళు ముందుగా "నానెల్తాను" అనాలి. ఆ వెంటనే కూర్చున్నవాళ్ళంతా "నువ్వెందుకు, నానెల్తాను" అంటారు. అనకపోతే తలవంపులు. అడిగేవాళ్ళు ఒక్కొక్కరినీ "నువ్వుండు" అని బతిమాలుతూ రెండుసార్లు తిరుగుతారు. ఆ తిరగడంలోనే ఎవరింట్లో ఏ ఇబ్బంది ఉందో పక్కవాళ్ళ నోట బయటపడుతుంది. మూడోసారి కూడా "నేనే" అన్నవాళ్ళ మాటే లెక్క.

ఆ పద్ధతిలో నడిస్తే ఆరుగురు దొరుకుతారన్న నమ్మకం నాకు లేదు. ఒక్కరూ దొరక్కపోవచ్చు. పైగా ముందు "నానెల్తాను" అనవలసింది నేను.

నమోదు 3

ఉపాయం నాదే. సుభాషిణిగారు చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. అది ఇక్కడ రాయాలి.

పొద్దున తూకం వరసలోనే అడిగాను. ఒక్కొక్కరు బల్ల ఎక్కగానే, "శాఖకి అవసరమైతే కింది తెప్పకి వెళ్తారా?" అని ఒకే ప్రశ్న. వాళ్ళు అన్న జవాబు తూకంతో పాటే నమోదైపోయేలా ఏర్పాటు చేశాను. వెనక వరస కదలాలి కాబట్టి రెండోసారి అడిగే వీల్లేదు. సమ్మతి ఇచ్చినవాళ్ళకి వైద్య పరీక్ష కూడా అక్కర్లేదని ఒక నిబంధన కలిపాను, లేకపోతే పని సాగదని.

ముప్ఫైమందీ వెళ్తామన్నారు. ఒక్కరూ కాదనలేదు. ఎలా అంటారు? అడుగుతున్నది మంగమ్మ. పక్కన జనం. నోరు తిరిగిన మాట అదొక్కటే. ఎర్రయ్య అయితే "నువ్వడిగితే ఎల్లనా ఏటి" అని నవ్వుతూ దిగిపోయాడు. నూకాలప్ప బల్ల ఎక్కి, "ఓస్ దానికేటి, నానెల్తాను" అంది. అని నా ముఖంలోకి చూసింది. ఇప్పుడు నేను "నువ్వుండప్పా" అనాలి. ఆమె ఒక్క క్షణం ఆగింది కూడా. నేను "తర్వాతవాళ్ళు రండి" అన్నాను.

సాయంత్రం సుభాషిణిగారు కుర్చీలోంచి లేచి నా భుజం తట్టారు. "నూటికి నూరు సమ్మతి! ఏ శాఖలోనూ ఇలా జరగలేదు మంగవేణీ. వంటశాఖకీ ఇదే పద్ధతి పెడదాం" అన్నారు. నేను థాంక్స్ చెప్పాను.

నమోదు 5

ఆరు పేర్లు వచ్చాయి. పెట్టెల బరువుకి సరిగ్గా సరిపోయే ఆరుగురిని యంత్రం ఏరింది. అందులో ఎర్రయ్య ఉన్నాడు. నూకాలప్ప ఉంది.

పరుగున సుభాషిణిగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నా మాట పూర్తిగా విన్నారు.

"ఆవిడకి ఒక ఊపిరితిత్తి పనిచెయ్యదని మీకు తెలుసు కదా. మరి సమ్మతి ఎలా తీసుకున్నారు?"

"మర్యాదకి అన్న మాటండీ అది."

"మిగతా ఇరవైతొమ్మిదీ?"

నేను చేతిలోని పేర్ల జాబితా మడిచాను. ఆవిడ, "ఒకరిది మర్యాద అంటే అందరిదీ మళ్ళీ అడగాలి. దిగుడుబండి కింది తెప్ప దగ్గర పెట్టెలు ఎక్కించుకుని సిద్ధంగా ఉంది. ఇప్పుడు ఆపలేను" అన్నారు. కాస్త ఆగి, "బండి తలుపు పడేలోపు ఆవిడ బదులు ఇంకెవరైనా వస్తామంటే మాత్రం అభ్యంతరం లేదు. బరువు సరిపోతే చాలు" అని, బల్ల మీది కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

ఆ గదిలో ఉన్న ఇద్దరిలో కుట్టుశాఖ మనిషిని నేనొక్కదాన్నే. నూకాలప్పకీ నాకూ బరువులో పెద్ద తేడా లేదు. ఈ రెండు సంగతులూ నాకు ఆ క్షణంలోనే తట్టాయి. తట్టనట్టే మెట్లు దిగి వచ్చేశాను.

నమోదు 6

ఇవాళ సంచికి ఉత్తరం వైపు కుట్టు విడిపోయింది. గంట మోగింది. ఇలా గంట మోగినప్పుడల్లా తాళ్ళ గదిలో తోపులాట ఉంటుంది. "నానెల్తాను", "నువ్వుండు, నానెల్తాను" అని అరుచుకుంటూ, చివరికి ఎవరి చెయ్యి బాగా నడుస్తుందో వాళ్ళని కట్టి దింపుతారు. ఆ గోల వినడం నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం.

ఇవాళ నేను వెళ్ళేసరికి గదినిండా జనం ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. గాలి పోతున్న చప్పుడు గోడలోంచి వినబడుతోంది.

"ఎవరు దిగుతారు?" అని అడిగాను.

ఎవరూ నోరు విప్పలేదు. మొదటి మాట అంటే అదే ఆఖరి మాట అయిపోతుందని నేనే కదా నేర్పింది. చివరికి మూల నుంచి ఎర్రయ్య, "నువ్వడక్కమ్మా. నువ్వడిగితే భయమేస్తంది" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే భయపడ్డాడు.

నేను తాడు కట్టుకున్నాను. ఇంకో తాడు నూకాలప్ప కట్టుకుంది. వద్దన్నాను. వినలేదు. ఇద్దరం దిగి కుట్టు వేసి వచ్చాం. పైకి లాగాక ఆమె గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది, పెదాలు నీలంగా అయిపోయాయి. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది.

పాకుళ్ళు వచ్చాక కుట్టు విడిపోయినా ఫరవాలేదంటారు సుభాషిణిగారు. అది నిజమే కావచ్చు. కానీ రేపు మంట లేస్తే, పొగ కమ్మితే, ఆ తాళ్ళ గదిలో మనుషులు ఇవాళ్టిలాగే నిలబడి చూస్తారు. ఈ మార్పు ప్రణాళికలో నేను వెయ్యలేదు. నా చేత్తోనే జరిగింది.

నమోదు 8

రెండు రోజులుగా ఇళ్ళు తిరుగుతున్నాను, నూకాలప్ప బదులు ఇంకెవరైనా వెళ్తారేమోనని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేను తిట్టుకుంటూనే తిరిగాను. ఒకామె తలుపు తీసి నన్ను చూసి మళ్ళీ వేసేసింది. ఇంకొకాయన మంచినీళ్ళిచ్చి, "తాగమ్మా" అని ఒక్కసారే అని ఊరుకున్నాడు. నేను మాట ఎత్తబోతే, "మాకు పనుంది" అన్నాడు.

చిట్టచివరికి నూకాలప్ప గదికి వెళ్ళాను. మూట కట్టుకుంటోంది. ఆమె సూదుల డబ్బా, రెండు చీరలు, కప్పుకునే దుప్పటి.

"ఆయాసమని రాసియ్యప్పా. సుభాషిణిగారిని నేను ఒప్పిస్తాను."

"అన్న మాట అన్నాను కదే."

"మర్యాదకి అన్నావు."

"మర్యాదకి అన్నా మాటే కదా." మూట ముడి బిగించి నా వైపు తిరిగింది. "నీకు తెలీదా, అడిగినప్పుడు?"

తెలుసన్నాను. అబద్ధమాడటానికి ఆ గదిలో చోటు లేదు. ఆమె తలూపింది. "ఏదైనా తిన్నావా?" అని అడిగింది. ఎంత సిగ్గుపడ్డానంటే, తిన్నానని చెప్పి బయటికొచ్చేశాను.

నమోదు 9

జరిగింది జరిగినట్టు రాస్తాను.

దిగుడుబండి దగ్గర ఆరుగురూ వరసగా నిలబడ్డారు. చుట్టూ శాఖ మొత్తం ఉంది. మామూలుగా ఎవరైనా దిగేటప్పుడు ఏడుపులుంటాయి, చేతుల్లో తినుబండారాలు కుక్కడాలుంటాయి. ఇవాళ ఏమీ లేవు. ఎర్రయ్య ముందుగా ఎక్కాడు. ఎక్కేటప్పుడు నా వైపు చూడలేదు. మిగతా నలుగురూ ఎక్కారు. నూకాలప్ప రెండడుగులు వేసి ఆయాసంతో ఆగి, బండి చట్రం పట్టుకుంది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. "అప్పా, నువ్వుండిపో. నానెల్తాను."

అందరూ నా వైపు తిరిగారు. గుండె మీంచి బండ దించినట్టయింది. నూకాలప్ప ఇప్పుడు "నువ్వెందుకే" అంటుంది. నేను "లేదప్పా, నేనే" అంటాను. ఆమె "ఉండవే, చిన్నదానివి" అంటుంది. రెండోసారి ఏమనాలో మాటలు కూడా నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మూడోసారి అనే ఉద్దేశం నాకు లేదు. ఇది ఎవరికీ తెలియక్కర్లేదు, కానీ నిజం. అందరి ముందూ రెండుసార్లు అని, ఏడ్చి, ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాను.

నూకాలప్ప చట్రం మీంచి చెయ్యి తీసింది.

"సరే, ఎల్లు" అంది.

నాకు అర్థం కాలేదు. నిలబడిపోయాను. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చూశాను. ఇరవైమంది పైగా ఉన్నారు. ఒక్కరూ "నువ్వుండు" అనలేదు. నా ముఖం ఎలా అయిపోయి ఉంటుందో ఊహించుకోగలను, ఎందుకంటే నూకాలప్ప దాన్ని చూసి కళ్ళు దించుకుంది.

తర్వాత దగ్గరికి వచ్చి, తన ముసుగు తీసి నా మెడకి కట్టింది. పదేళ్ళ క్రితం కట్టినట్టే కట్టింది.

"నాకు బతకాలనుందే గుంటా" అంది, నాకు మాత్రమే వినబడేలా. "ఆ మాట నోరిప్పి సెప్పడానికి సిగ్గేసి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నువ్వు ఒక్కసారే అడిగినావు. నాను ఒక్కసారికే ఒప్పుకుంతన్నాను. కోపం పెట్టుకోకు."

కోపం దేనికి? ఆమె నా దగ్గర నేర్చుకున్న పాఠమే నాకు అప్పజెప్పింది. బల్ల మీద నన్ను తూచారు. కాస్త ఎక్కువ తూగాను. చెప్పులు, పైకోటు అక్కడే వదిలేస్తే సరిపోయింది. ఈ పలక మాత్రం తేనిచ్చారు. తలుపు పడే ముందు సుభాషిణిగారు వచ్చి, "మీరు ఇంత చేస్తారనుకోలేదు" అన్నారు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. నేనేదో త్యాగం చేశాననుకుంటున్నారు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. అక్కడ కూడా మొహమాటమే అడ్డొచ్చింది.

నమోదు 12

కింది తెప్ప. ఇక్కడ ఒళ్ళు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. బట్టీల వంతు ఒకటి అయ్యాక కళ్ళు మండి ఏమీ కనబడదు. నూకాలప్ప ఇక్కడ ఒక్క వారం కూడా బతికేది కాదు. ఆ సంగతి నాకు ధైర్యం ఇస్తుందేమోనని రోజూ గుర్తు చేసుకుంటున్నాను. ఇవ్వడం లేదు. ఆమెని కాపాడింది నేను కాదు. నా నోరు జారింది, ఆమె పట్టుకుంది. మిగతా అయిదుగురికి పట్టుకోవడానికి అదీ దొరకలేదు.

పైనుంచి సుభాషిణిగారి కబురు వచ్చింది. వంటశాఖలో వచ్చే వారం తూకం వరసలో అడగబోతున్నారట. నా నమోదులు పంపితే వాళ్ళకి చదివి వినిపిస్తారట. నూకాలప్ప నాతో గుసగుసగా అన్న మాటతో సహా ఒక్క అక్షరం తీయకుండా అన్నీ పంపేశాను. కింద ఒక వాక్యం కలిపాను: "కుట్టుశాఖలో సమ్మతించినవాళ్ళు ఎవరూ లేరు, వంటశాఖలోనూ ఉండరు, దయచేసి గుండ్రంగా కూర్చోబెట్టి అడగండి, ముందు మీరు అనండి." ఆవిడ చదివారో లేదో తెలియదు. ఆగారో లేదో తెలియదు.

ఇవాళ వంతుకి ముందు ఎర్రయ్య పక్కన చోటు దొరికింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నాతో మాట్లాడలేదు. పైన ఉన్నప్పుడు గడియకో జోక్ వేసే మనిషి. ముసుగు పట్టీ బిగించుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

"మంగమ్మా, ఒకటి అడుగుతాను, నిజం సెప్పు. ఆ వేళ బండి కాడ నిజంగానే ఎల్తానన్నావా, మాటకన్నావా?"

లోపల బట్టీ పొంగుతున్న చప్పుడు. ఇక్కడి అయిదుగురిలో నలుగురు నేను అప్ప కోసమే దిగానని అనుకుంటున్నారు. అందుకే నాకు అప్పుడప్పుడు ఒక ముద్ద ఎక్కువ పెడుతున్నారు కూడా. ఎర్రయ్యకి అలా చెప్పేసి ఉంటే ఆయనా నమ్మేవాడు.

"మాటకే అన్నాను" అన్నాను.

ఆయన పట్టీ బిగించడం పూర్తి చేసి, ముసుగు ముఖం మీదికి లాక్కోబోయి ఆగాడు.

"నాను కూడా అంతే కదా, తల్లీ" అన్నాడు.

తర్వాత ముసుగు వేసుకుని బట్టీ గదిలోకి వెళ్ళాడు. ఆయన వెనక వంతు నాది. లేచి వెళ్ళాను.